లింకు డాక్యుమెంట్లు లేని హీరో

2006లో ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి రాసిన వ్యాసంలో నేను బతికున్న మనిషిని చంపేశాను. ‘దివంగత మిక్ ఆంగ్లో’ అని రాశాను. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్ళు. తన దేశంలో తాను నిక్షేపంగా ఉన్నాడు. ఆయన పోయాడని నేను ఎక్కడా చదవలేదు, ఎవరూ నాతో అనలేదు. రాస్తూ పోతుంటే కలం దానంతటదే అతికించిన విశేషణం అది. ఎప్పుడో 1954లో పిల్లల బొమ్మల పుస్తకాలు తయారుచేసిన మనిషి ఇంకా ఎక్కడుంటాడులే అని లోలోపల అనుకుని ఉంటాను. అనుకున్నానని కూడా గట్టిగా చెప్పలేను. నిజంగా అనుకుని ఉంటే ఒకసారి కనుక్కునేవాణ్ణి.

ఈ తప్పు ఎలా జరిగిందో చెప్పాలంటే ఒక సూపర్ హీరో సంగతి చెప్పాలి. అతను ఎవరిని చితక్కొట్టాడన్నది కాదు, ఎవరెవరి చేతులు మారాడన్నది. అతని పేరు మార్వెల్‌మ్యాన్. తరవాత మిరకిల్‌మ్యాన్ అయ్యాడు. సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ పేర్లు తెలియని పిల్లలు మన ఊళ్ళలో లేరు. ఇతని పేరు మాత్రం కామిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళలోనే చాలామంది విని ఉండరు.

నాకు అతను దొరికింది హైదరాబాదు ఆబిడ్స్‌లో, ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య. అట్ట ఊడిపోయిన అమెరికన్ కామిక్. ఎక్లిప్స్ అనే కంపెనీ అచ్చువేసింది. మైక్ మోరన్ అనే నడివయసు విలేకరి. ఎవరి కింద స్థిరంగా పని చెయ్యడు, ముక్కకింత అని రాసి పంపుతుంటాడు. పొట్ట పెరిగింది, జుట్టు నెరుస్తోంది, తలనొప్పులు, రోజూ ఎగిరిపోతున్నట్టు కలలు. ఒక అణు విద్యుత్ కేంద్రం ప్రారంభానికి వార్త రాయడానికి వెళ్తే తుపాకులవాళ్ళు చొరబడతారు. వాళ్ళు ఈడ్చుకుపోతుంటే గాజు తలుపు మీద ‘అటామిక్’ అన్న అక్షరాలు అవతలి వైపు నుంచి తిరగబడి కనిపిస్తాయి. ఆ తిరగబడ్డ మాటను పెదాలతో కూడబలుక్కుంటాడు: కిమోటా. ఉరుము. ఆ పిరికి విలేకరి స్థానంలో వెలుగు చిమ్మే దేవుడిలాంటి మనిషి. తానెవరో అతనికి అప్పుడు గుర్తొస్తుంది.

ఆ కథ రాసింది అలన్ మూర్. ‘వాచ్‌మెన్’, ‘వి ఫర్ వెండెట్టా’ రాసిన మూరే. అప్పుడు నేనూ ఒక పత్రికకు ముక్కకింత అని రాసే విలేకరినే కాబట్టి, ఆ గాజు తలుపు పేజీ నన్ను పట్టుకుంది. పట్టుకుంటే పట్టుకుంది, దాని మీద నేను వ్యాసం రాయకుండా ఉండాల్సింది. కనీసం అంత త్వరగా రాయకుండా ఉండాల్సింది.

రాయడానికి ముందు నేను చేసిన ‘పరిశోధన’ గురించి చెప్పాలి. ఈ హీరో మొదట ఇంగ్లండ్‌లో పుట్టాడని ఎక్కడో చదివాను. లండన్‌లో మా బావ ఉన్నాడు. పాత పుస్తకాల దుకాణాల్లో ‘మార్వెల్‌మ్యాన్’ ఒకటో నంబరు నుంచి దొరికినవి దొరికినట్టు కొని పంపమన్నాను. పాపం, తీరిక ఉన్న శనివారాలన్నీ దాని మీదే పెట్టాడు. ఇరవై అయిదో నంబరు ఉందన్నవాళ్ళు ఉన్నారు గానీ, దానికి ముందరిది ఒక్కటీ లేదు. ఆఖరికి ఒక ముసలి దుకాణదారు నవ్వి సంగతి చెప్పాడట. బావ ఫోన్ చేసి, ‘‘అచ్చే కాని పుస్తకాలు తెమ్మంటావేమిట్రా నువ్వు!’’ అన్నాడు.

మార్వెల్‌మ్యాన్‌కు ఒకటో నంబరు లేదు. అతను 1954 ఫిబ్రవరి 3 తేదీతో నేరుగా 25వ సంచికలో పుట్టాడు. మొదటి ఇరవై నాలుగూ ఇంకొకరి పేరు మీద ఉన్నాయి. ఆ ఇంకొకరు కెప్టెన్ మార్వెల్.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1940లో అమెరికాలో ఫాసెట్ అనే ప్రచురణ సంస్థ ‘విజ్ కామిక్స్’లో కెప్టెన్ మార్వెల్‌ను దించింది. రాసినవాడు బిల్ పార్కర్, గీసినవాడు సి.సి. బెక్. బిల్లీ బాట్సన్ అనే కుర్రాడు ‘షజామ్’ అనగానే పిడుగు పడి మహావీరుడవుతాడు. సూపర్‌మ్యాన్ వేరే గ్రహం నుంచి రావాలి, ఇతను మాత్రం పక్కింటి పిల్లాడు. పిల్లలకు అంతకంటే ఏం కావాలి? కొన్నేళ్ళలో సూపర్‌మ్యాన్‌ను మించి అమ్ముడుపోయాడు. సూపర్‌మ్యాన్ హక్కులున్న నేషనల్ కంపెనీ, అంటే ఇప్పటి డీసీ, ఊరుకోలేదు. మావాడికి నకలు అంటూ 1941లో దావా వేసింది. విచారణకు రావడానికే 1948 అయింది. కింది కోర్టు ఒక విచిత్రమైన కారణంతో ఫాసెట్‌ను గట్టెక్కించింది: పత్రికల్లో వచ్చిన సూపర్‌మ్యాన్ బొమ్మల కథల్లో కొన్నిటి మీద కాపీరైటు ప్రకటన సరిగా వెయ్యలేదు కాబట్టి నేషనల్ తన హక్కు తానే వదులుకున్నట్టట. 1951లో పై కోర్టులో జడ్జి లెర్నెడ్ హ్యాండ్ అది చెల్లదన్నాడు. అప్పటికి సూపర్ హీరోల పుస్తకాల గిరాకీ పడిపోయింది. ఫాసెట్ లెక్క చూసుకుని 1953లో రాజీపడింది. నాలుగు లక్షల డాలర్లు కట్టి, కెప్టెన్ మార్వెల్‌ను ఆపేసింది.

అక్కడ ఆగితే బ్రిటన్‌లో ఏం జరిగింది? యుద్ధం తరవాత డాలర్ల కటకటలో బ్రిటన్ అమెరికన్ కామిక్స్ దిగుమతిని కట్టడి చేసింది. దాంతో అమెరికా కథలను అనుమతితో నలుపు తెలుపుల్లో మళ్ళీ అచ్చేసుకోవడం లండన్‌లో మంచి వ్యాపారమైంది. లెన్ మిల్లర్ కంపెనీ అలా కెప్టెన్ మార్వెల్ వేసుకుంటోంది. అమెరికాలో కుళాయి కట్టేశారు. ఇక్కడ ఎదురుచూసే పిల్లలున్నారు, పుస్తకం పోతోంది, ఖాళీ చెయ్యడానికి మిల్లర్‌కు మనసు రాలేదు. మిక్ ఆంగ్లోను పిలిచి ఇలాంటివాణ్ణే ఇంకొకణ్ణి తయారుచెయ్యమన్నాడు. ఆంగ్లో నల్లజుట్టు తీసి బంగారు జుట్టు పెట్టాడు. భుజాల మీది వస్త్రం పీకేశాడు. బిల్లీ బాట్సన్ మికీ మోరన్ అయ్యాడు, షజామ్ కిమోటా అయింది. సంచికల లెక్క మాత్రం పాతదే నడిపారు, పాఠకుడు మధ్యలో దిగిపోకుండా.

ఈ భాగాన్ని నా వ్యాసంలో ఒక్క వాక్యంలో తేల్చేశాను. ‘చవకరకం నకలు’ అన్నాను. ‘దివంగత’ అన్న మాట వెనక అసలు తప్పు ఇదేనని ఇప్పుడు నాకనిపిస్తుంది. నకలు చేసినవాడికి నా లెక్కలో జీవితం లేదు. చరిత్ర అంతా 1982లో మూర్ చెయ్యి పడ్డాక మొదలైనట్టు రాసుకుపోయాను. అంతకుముందరిదంతా నాకు ముడిసరుకు.

ఆ ముడిసరుకు ఎంతకాలం నడిచిందో చూడండి. 1954 నుంచి 1963 దాకా, 25వ నంబరు నుంచి 370వ నంబరు దాకా. అది కాక ‘యంగ్ మార్వెల్‌మ్యాన్’, ఆ తరవాత ‘మార్వెల్‌మ్యాన్ ఫ్యామిలీ’. మొదటి రెండూ చాలాకాలం వారం వారం. లండన్ గవర్ స్ట్రీట్‌లో ఆంగ్లో ఒక స్టూడియో పెట్టి, గీసేవాళ్ళను కూర్చోబెట్టి, పేజీకింత అని ఇస్తూ ఈ బండి లాగాడు. పని గొప్పగా ఉందని నేననను. కథలు ఒక మూసలోవి, కొన్ని బొమ్మలు హడావిడిగా గీసినవని చూడగానే తెలుస్తుంది. కానీ అందులో ఒక్కోసారి ఒక చెయ్యి తేలుతుంది. కండరాలు నిజంగా కదులుతున్నట్టు, గుడ్డ మడతలు నిజంగా పడ్డట్టు. ఆ చెయ్యి డాన్ లారెన్స్‌ది.

నా వ్యాసంలో లారెన్స్ పేరే లేదు. ఎలా ఉంటుంది, నాకు తెలిస్తే కదా! ఆయన తొలి ఉద్యోగం ఈ స్టూడియోలోనే. కొన్నేళ్ళు చేసి, డబ్బు దగ్గర మాట పట్టింపు వచ్చి బయటికి వెళ్ళిపోయాడు. 1965 నుంచి ‘ట్రైగన్ ఎంపైర్’ అనే రంగుల బొమ్మల కథ గీసి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకున్నాడు. ఆ కథ దేశదేశాల్లో అచ్చవుతోందనీ, తనకు దాని మీద పైసా రావడం లేదనీ తెలిశాక రాయల్టీ అడిగాడు. ‘ఇవ్వం’ అన్నారు. 1976లో అదీ వదిలేసి హాలండ్ పత్రికలకు ‘స్టార్మ్’ గీయడానికి పోయాడు. అక్కడివాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. 2003 డిసెంబరులో పోయాడు. చూశారా, నేను వ్యాసం రాసేనాటికి నిజంగా దివంగతుడైనవాడి పేరు నాకు తెలియదు, బతికున్నవాడి పేరు ముందు ఆ మాట పెట్టాను.

1959లో దిగుమతుల మీద కట్టడి తీసేశారు. అసలు అమెరికన్ రంగుల కామిక్స్ ఓడల్లో దిగాయి. నలుపు తెలుపు మార్వెల్‌మ్యాన్‌ను ఎవరు కొంటారు? కొత్త కథలు ఆపి పాతవే తిప్పి వేశారు. ఆంగ్లో మిల్లర్‌తో తెగతెంపులు చేసుకుని సొంతంగా కామిక్స్ మొదలెట్టాడు. అప్పుడు ఆయన చేసిన పని నాకు ఎంతో ఇష్టం. పాత మార్వెల్‌మ్యాన్ పేజీలనే తీసుకుని, దుస్తులు కాస్త దిద్ది, మాటలు మార్చి, ‘కెప్టెన్ మిరకిల్’ అని పేరు పెట్టి అమ్మాడు. మంత్రం ‘ఎల్ కరీమ్’. మిరకిల్ అన్నదాన్ని వెనక నుంచి రాస్తే వచ్చేది. అది నిలబడలేదు, ఏడాది తిరిగేసరికి పోయింది. కానీ ఈ హీరోను మళ్ళీ గీసుకునే హక్కు తనదేనని ఆంగ్లో అప్పుడే నడిబజార్లో చెప్పినట్టయింది కదా! మిరకిల్ అన్న పేరు 1985లో అమెరికా కంపెనీకి తట్టిన ఆలోచన అని నా వ్యాసంలో రాశాను. పాతికేళ్ళ ముందే ఆంగ్లో ఆ పేరుతో పుస్తకాలు అమ్మాడు.

ఇక రెండో జన్మ. 1982 మార్చిలో డెజ్ స్కిన్ అనే సంపాదకుడు లండన్‌లో ‘వారియర్’ అనే పత్రిక తెచ్చాడు. అందులో మూర్ రాయగా గారీ లీచ్ బొమ్మలతో మార్వెల్‌మ్యాన్ తిరిగొచ్చాడు. కొన్ని నెలలకు బొమ్మల పని అలన్ డేవిస్ తీసుకున్నాడు. మూర్ చేసిన కిటుకు ఏమిటంటే, ఆంగ్లో కాలంనాటి ఆ పిల్లల కథలను చెరిపెయ్యలేదు. అవన్నీ ప్రభుత్వ ప్రయోగశాలలో నిద్రపుచ్చిన కుర్రాళ్ళ బుర్రల్లోకి ఒక శాస్త్రవేత్త ఎక్కించిన కలలన్నాడు. ఆ శాస్త్రవేత్తకు ఆ ఊహ వచ్చింది పిల్లల కామిక్ పుస్తకం ఒకటి చూసి. నకలు పుట్టుకను కథలోనే ఒప్పుకున్నాడన్నమాట. అది ఒప్పుకోవడానికి మూర్‌కు లేని నామోషీ నాకెందుకొచ్చిందో!

1984లో స్కిన్ ‘మార్వెల్‌మ్యాన్ స్పెషల్’ అని ప్రత్యేక సంచిక వేసేసరికి మార్వెల్ కంపెనీ నుంచి లాయరు ఉత్తరం వచ్చింది, మా పేరు వాడొద్దని. మార్వెల్‌మ్యాన్ 1954 నాటివాడు. ఆ కంపెనీ మార్వెల్ అన్న పేరు మీద స్థిరపడింది 1961లో. అయినా డబ్బున్నవాడితో కోర్టుకెక్కేదెవరు? 1985 జనవరికి ‘వారియర్’ ఇరవై ఆరో సంచికతో మూతపడింది. ఆ ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఎక్లిప్స్ కంపెనీ అదే కథను రంగులు వేసి, పేరు మార్చి, ‘మిరకిల్‌మ్యాన్’గా అమ్మడం మొదలెట్టింది. పాత కథలు అయిపోయాక మూర్ కొత్తవి రాశాడు. 1988లో వచ్చిన పదిహేనో సంచికలో లండన్ నాశనాన్ని జాన్ టాటిల్‌బెన్ గీసిన తీరు చూస్తే రాత్రి నిద్ర పట్టదు. సూపర్ హీరోలు కొట్టుకుంటే కింద ఉన్న జనం ఏమవుతారన్నది అంత నిర్దయగా అంతకుముందు ఎవరూ గీయలేదని నా అభిప్రాయం. పదహారుతో మూర్ ముగించి, తన వాటా నీల్ గైమన్ చేతిలో పెట్టాడు. గైమన్, మార్క్ బకింగ్‌హామ్ కలిసి 1990 నుంచి కొనసాగించారు. 1993లో ఇరవై నాలుగో సంచిక వచ్చింది. ఎక్లిప్స్ దివాళా తీసింది. బొమ్మలతో సహా సిద్ధమైన ఇరవై అయిదోది అచ్చుకు వెళ్ళలేదు.

వాటా అన్నాను కదా, అక్కడే నేను రెండోసారి బోల్తా పడ్డాను. ‘వారియర్’ రోజుల నుంచి హక్కులు పత్రికా, రచయితా, చిత్రకారుడూ పంచుకున్నారు. పాత పబ్లిషరు మిల్లర్ దివాళా తీశాడనీ, హక్కులు అలా బజార్న పడితే ‘వారియర్’వాళ్ళు సక్రమంగా తీసుకున్నారనీ అభిమానుల్లో ఒక కథ ప్రచారంలో ఉండేది. బాగున్న కథ. దాన్నే నేను చరిత్రగా రాశాను. ఎక్లిప్స్ ఆస్తులను 1996లో ‘స్పాన్’ సృష్టికర్త టాడ్ మెక్‌ఫార్లెన్ కొన్నాడు కాబట్టి హీరోలో పెద్ద వాటా ఆయనదనీ రాశాను. వనస్థలిపురంలో రెండొందల గజాల స్థలం కొనేటప్పుడు నేను ముప్ఫయ్యేళ్ళ లింకు డాక్యుమెంట్లు అడిగాను, ఈసీ తీయించాను, అమ్మేవాడి అన్నదమ్ముల సంతకాలు ఉన్నాయా అని లాయరు చేత చూపించాను. ఇక్కడ మాత్రం ఆఖరున అమ్మినవాడెవరో చూశాను గానీ, వాడికి ముందు అమ్మినవాడికి ఎక్కణ్ణించి వచ్చిందని అడగలేదు. అడిగితే ఆ గొలుసు పైకి పోయి పోయి ఒకే మనిషి గుమ్మం ముందు ఆగేది. ఆ మనిషిని నేను అప్పటికే పంపించేశాను కదా!

మూడో తప్పు కోర్టు గురించి. గైమన్ మెక్‌ఫార్లెన్ మీద కేసు గెలిచి మిరకిల్‌మ్యాన్‌ను దక్కించుకున్నాడని రాశాను. కేసు నిజం, గెలుపు నిజం, దక్కించుకోవడం అబద్ధం. 1993లో ‘స్పాన్’ తొమ్మిదో సంచికను మెక్‌ఫార్లెన్ కోసం గైమన్ రాశాడు. అందులో ఏంజెలా, కాలియోస్ట్రో, పాతకాలపు స్పాన్ అనే మూడు పాత్రలు పుట్టాయి. ఆ వాటాల తగవు తీర్చుకోవడానికి ఒక దశలో మిరకిల్‌మ్యాన్ హక్కులను బదులుగా ఇచ్చే ఒప్పందం మాటల్లోకి వచ్చి చెడింది. 2002లో విస్కాన్సిన్‌లో జ్యూరీ గైమన్ పక్షాన తేల్చింది. 2004లో అప్పీలు కోర్టులో జడ్జి రిచర్డ్ పోస్నర్ దాన్ని ఖాయం చేశాడు. గైమన్ కోరుకున్నది ఆ మూడు పాత్రల్లో సహహక్కు. మిరకిల్‌మ్యాన్ ఎవరిదన్న ప్రశ్నను కోర్టు తేల్చలేదు.

ఆ తీర్పును నేను వ్యాసం అచ్చయిన చాలా రోజులకు చదివాను. చదివి సిగ్గుపడ్డది హక్కుల విషయంలో పొరబడ్డందుకు కాదు. పోస్నర్ వాదన సారం ఇది: రచయిత చెప్పిన ఊహ విడిగా చూస్తే హక్కుకు నిలవకపోవచ్చు. బొమ్మ పడి, పేరు పడి, మాట పడితేనే కామిక్ పాత్ర అనేది ఒకటి తయారవుతుంది. కాబట్టి రాసినవాడు, గీసినవాడు ఉమ్మడి కర్తలు. ఆ కేసులో గీసినవాడు పెద్ద చేప, రాసినవాడు హక్కు కోసం పోరాడాడు. నా వ్యాసంలో దానికి తలకిందులుగా రాసినవాడే అంతా. లీచ్ లేడు, డేవిస్ లేడు, టాటిల్‌బెన్ లేడు. నేను కన్ను తిప్పుకోలేకపోయిన గాజు తలుపు పేజీని గీసింది గారీ లీచ్. ఆ పేజీని మెచ్చుకుంటూ నేను నింపిన పేరా మొత్తం మూర్ ఖాతాలో వేశాను.

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు, కాకపోతే తిరగేసి. ‘చందమామ’ సీరియళ్ళలో బొమ్మ మూలన చిత్రా సంతకం కనిపించేది. ఆ సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు మాత్రం దశాబ్దాల పాటు పత్రికలో పడలేదు. ‘తోకచుక్క’ చదివి పెరిగినవాణ్ణి, ఆయన పేరు నాకు తెలిసింది నలభై దాటాక. ఆ సంగతి తెలిసినప్పుడు అన్యాయమని ఊగిపోయాను. అదే పని నేను గీసేవాళ్ళకు చేసినట్టు ఆ ఊపులో తట్టలేదు.

2009 జులైలో శాన్‌డియాగో కామిక్ కాన్‌లో మార్వెల్ ప్రకటించింది: మార్వెల్‌మ్యాన్ హక్కులు తీసుకున్నామని, మిక్ ఆంగ్లో దగ్గర నుంచి అని. ఆఫీసులో పక్క కుర్చీ కుర్రాడు చూసి, ‘‘సార్, మీరు రాసినాయనే కదా, బతికే ఉన్నాడండి’’ అన్నాడు. వాడికి అది వార్త. నాకు చెమట పట్టింది. ఒకే ప్రకటనతో నేను రాసిన మూడు తప్పులూ ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. మెక్‌ఫార్లెన్ దగ్గర కాదు, గైమన్ దగ్గర కాదు, దివాళా కథల దగ్గర కాదు, 1954లో బంగారు జుట్టు పెట్టిన మనిషి దగ్గరికి వెళ్ళి కొనాల్సి వచ్చింది ప్రపంచంలోకెల్లా పెద్ద కామిక్స్ కంపెనీకి. ఇరవై ఏడేళ్ళ పాటు సముద్రానికి అటూ ఇటూ అమ్ముకున్నవాళ్ళ కాగితాలన్నీ ఆయన కాగితం ముందు తేలిపోయాయి.

నేనెలా తప్పించుకోగలిగేవాణ్ణో చెప్తాను. 2001లోనే జార్జ్ ఖౌరీ ‘కిమోటా!’ అని పుస్తకం తెచ్చాడు. ఈ హీరో వెనకున్నవాళ్ళతో ఇంటర్వ్యూలన్నీ అందులో వేశాడు. నేను వ్యాసం రాసేనాటికి అది అయిదేళ్ళ పాత పుస్తకం. ధర చూసి తెప్పించుకోలేదు. ఆ వ్యాసానికి వచ్చిన పారితోషికంలో ఆ పుస్తకం వచ్చేది, ఇంకా కొంత మిగిలేది కూడా.

సవరణ వేయమని సంపాదకుడికి ఉత్తరం రాశాను. ఆయన ఫోన్ చేసి, ‘‘ఆంగ్లో గారు మన చందాదారులేమిటండీ? ఎవరికి గుర్తుంటుంది, వదిలెయ్యండి’’ అన్నారు. వదిలేశాను. అది నాలుగో తప్పు. దీన్ని తెలిసి చేశాను కాబట్టి మిగతా మూడింటి కంటే పెద్దదని లెక్కేసుకుంటాను. ఎందుకంటే ఎవరికీ గుర్తుండదన్న ఆ వ్యాసాన్ని కామిక్స్ మీద రాసే ఇంకొకాయన తన వ్యాసంలో వాడుకున్నాడు. ‘దివంగత’తో సహా. నా దగ్గర చూసి రాసినందుకు ఆయన్ను నేనేమనగలను? నేను ఎవరి దగ్గరా చూడకుండా రాశాను.

2011 అక్టోబరు 31న మిక్ ఆంగ్లో తన తొంభై అయిదో ఏట కన్నుమూశాడు. ఆ రోజుతో నా వాక్యం తప్పు కాకుండా పోయింది. పాత కత్తిరింపు ఇప్పుడు ఎవరు తీసి చదివినా వేలు పెట్టి చూపించడానికి అక్కడేమీ లేదు. ఇలాంటి తప్పులకు కాలం చేసే సాయం చూస్తే నాకు భయమేస్తుంది.

ఆ తరవాత నుంచి ఒకటి అలవాటు చేసుకున్నాను. ఎవరి గురించి రాసినా పుట్టిన సంవత్సరం, పోతే పోయిన సంవత్సరం, ముందు ఒక కాగితం మీద వేసుకుంటాను. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ మనిషికి ఉత్తరం రాయొచ్చని అర్థం. ఒకరిద్దరికి రాశాను, జవాబులూ వచ్చాయి. గారీ లీచ్ 2022 మార్చిలో పోయాడు. ఇది నిర్ధారించుకునే రాస్తున్నాను. ఆయన రెండో గడి ఖాళీగా ఉన్న అన్నేళ్ళలో నేను ఒక్క కార్డు ముక్క రాయలేదు.

మీలో ఎవరికైనా ఈ హీరోను చదవాలనిపిస్తే ఇప్పుడు కష్టం లేదు. 2014 జనవరి నుంచి మార్వెల్ అన్నీ మళ్ళీ అచ్చువేసింది. మూర్ పేరు కోసం వెతక్కండి, తన పేరు వెయ్యొద్దని ఆయనే కోరాడు కాబట్టి ఆ చోట ‘అసలు రచయిత’ అని మాత్రమే ఉంటుంది. 1993లో ఆగిపోయిన గైమన్, బకింగ్‌హామ్‌ల కథ 2022 అక్టోబరులో మళ్ళీ మొదలై ముందుకు సాగింది. వాటికంటే ముందు, ఆ 2014 సంచికల్లో వెనకవైపు వేసిన ఆంగ్లో కాలంనాటి నలుపు తెలుపు కథలున్నాయి చూశారా, వాటిని దాటెయ్యకండి. పిల్లల కథలే, గంటలో అయిపోతాయి. ముందు అవి చదివి, తరవాత మూర్ దగ్గరికి రండి. చదివేటప్పుడు ప్రతి కథ దగ్గరా గీసినవారి పేరు ఇచ్చారేమో చూసి, ఇస్తే రాసుకోండి.